పోటీలు మూడూళ్లలో, పిల్లలు రేవులో

ప్రశ్న: కిందటేడు మా పిల్లల ఆటల పోటీలు మూడు చోట్ల పెట్టారు. కబడ్డీ రాజోలులో, పరుగుపందేలు అమలాపురంలో, వాలీబాల్ నరసాపురంలో. వాలీబాల్ ఫైనల్ గంటన్నర ఆలస్యమైంది. మేం రేవుకొచ్చేసరికి గోదావరి అవతల సఖినేటిపల్లికి వెళ్లే ఆఖరి పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) దాటిపోయింది. పద్నాలుగు మంది ఆడపిల్లలతో చీకట్లో నిలబడ్డాను, ఒకటే టెన్షన్. ఈసారి ఆటల వేళలు, ప్రయాణాల వేళలు చూపించే యాప్ చేయిస్తాం అంటున్నారు నిర్వాహకులు. పనికొస్తుందాండీ?
– ఒక పీఈటీ టీచర్, రాజోలు

జవాబు: పనికొస్తుంది టీచరుగారూ, కానీ యాప్ ఆఖరున చేయించమనండి. ముందు ఆట వేళలు, బస్సు వేళలు, పంటు వేళలు ఒకే పట్టికలో ఉండాలి. ఫైనల్ ఆలస్యమైందని మైదానంలో అందరికీ తెలుసు, రేవులో ఒక్కరికీ తెలియదు. మీకు జరిగింది అదే.

నేను బస్ డిపోలో కంట్రోలర్‌గా చేశాను. కోటిపల్లి శివరాత్రికి వెళ్లే జనం పొద్దుటినుంచీ కొద్దికొద్దిగా వస్తారు. జాగారం అయ్యాక మాత్రం అందరూ తెల్లవారుజామున ఒక్కసారే బస్సుల మీద పడతారు. ఆటలూ అంతే. అందుకని లెక్క తిరుగు ప్రయాణం నుంచి మొదలుపెట్టాలి. ప్రతి ఆటకీ ఎదురుగా ఆఖరి బస్సు, ఆఖరి పంటు రాయండి. పంటు అందకపోతే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగొచ్చే బండి ఏది, డ్రైవరు నంబరు ఎంత, అదీ రాయండి. పొద్దున మంచు కమ్మి పంటు ఆగినా ఆ బండే దిక్కు.

పట్టికే కదా అనుకోకండి. బస్సు వేళలను ఫోన్ మ్యాపుల్లోకి ఎక్కించే జీటీఎఫ్ఎస్ పద్ధతి 2005లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో మొదలైంది. అందులో ఉండేవీ మామూలు పట్టికలే: ఏ స్టాపు, ఏ ట్రిప్పు, ఎన్నింటికి.

2024 పారిస్ ఒలింపిక్స్ ప్రయాణాల యాప్ ప్రతిసారీ దగ్గర దారినే చూపించలేదు, జనం ఒకే స్టేషన్‌లో కిక్కిరిసిపోకుండా వేరే దారులకూ మళ్లించింది. అదే ఏడాది జర్మనీలో పది నగరాల్లో యూరో ఫుట్‌బాల్ పోటీలు జరిగితే, మ్యాచ్ టికెట్ ఉన్నవాళ్లకు లోకల్ బస్సులు, రైళ్లు 36 గంటలు ఉచితం. నాకు బాగా నచ్చింది ఇదే. అక్కడ మ్యాచ్ టికెట్టే బస్సు పాసైనట్టు, మనం పిల్లల ఐడీ కార్డు మీద క్యూఆర్ కోడ్ వేస్తే, బస్సెక్కేటప్పుడు స్కాన్ చేసి ఇంకా ఎవరు రావాలో చూసుకోవచ్చు.

ఆట ఆలస్యమైతే వెంటనే పట్టిక మార్చి, పంటువాళ్లకు ఫోన్ చేసే మనిషి ఒకరుండాలి. ఆ మనిషి పేరు, నంబరు ముందే రాసివ్వమని అడగండి. ఇవ్వకపోతే పిల్లల్ని ఏరు దాటించనని చెప్పేయండి.