బయాప్సీ ముక్క చేరే చోట ఉద్యోగం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

బ్రిటన్ ఆసుపత్రుల్లోని సెల్యులార్ పాథాలజీ ప్రయోగశాలల (రోగి నుంచి తీసిన కణజాలపు ముక్కలను, కణాలను పరీక్షించే చోట్ల) గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాలలో మూడింటికి, ఆ వృత్తిలోనే ఉన్న మా శీర్షిక రచయిత్రి జవాబులు ఇస్తున్నారు.

ప్రశ్న: మా అమ్మాయి మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ పాఠ్యాంశాలుగా బీఎస్సీ పూర్తి చేసింది. ఇంగ్లండులో బయోమెడికల్ సైన్స్‌లో ఎమ్మెస్సీ చేస్తే అక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల్లో బయోమెడికల్ సైంటిస్టుగా ఉద్యోగం ఖాయమని కన్సల్టెన్సీవారు అంటున్నారు. తనకు సెల్యులార్ పాథాలజీ మీద మనసు. అదంతా రోజల్లా స్లైడ్లు తయారు చేసే యాంత్రికమైన పనేనని మా బంధువొకరు తీసిపారేశారు. అప్పు చేసి పంపవచ్చా?
ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: అప్పు మాట ఎత్తారు కనుక ముందు దాని సంగతే చెబుతానండి. బ్రిటన్‌లో బయోమెడికల్ సైంటిస్టు అన్నది చట్టరక్షణ ఉన్న హోదా. హెల్త్ అండ్ కేర్ ప్రొఫెషన్స్ కౌన్సిల్, అంటే హెచ్‌సీపీసీ, నిర్వహించే రిజిస్టరులో పేరు ఉన్నవారే తమను తాము ఆ పేరుతో చెప్పుకోవచ్చు. ఆ రిజిస్టరులోకి వెళ్లే మామూలు దారి ఇది: ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోమెడికల్ సైన్స్, అంటే ఐబీఎంఎస్, గుర్తించిన ఆనర్స్ డిగ్రీ ఉండాలి, ఆపైన ఆ సంస్థ శిక్షణకు ఆమోదించిన ప్రయోగశాలలో పనిచేస్తూ రిజిస్ట్రేషన్ పోర్ట్‌ఫోలియో పూర్తి చేసి, సామర్థ్య పత్రం పొందాలి. ఎమ్మెస్సీ ఒక్కటే, అది ఐబీఎంఎస్ గుర్తింపు ఉన్నదైనా సరే, ఈ రిజిస్ట్రేషన్‌కు చాలదు. కన్సల్టెన్సీవారు చాలామంది దాటవేసే విషయం సరిగ్గా ఇదే.

మీ అమ్మాయి బీఎస్సీ మన దేశంలో చేసినది కనుక దానిని ఐబీఎంఎస్ మదింపు చేయాలి. లోటు ఉన్న పాఠ్యాంశాలను అదనపు మాడ్యూళ్లుగా చదివి పూరించమని వారు చెబుతారు. ఈ మదింపు విమానం ఎక్కిన తరువాత కాదు, విశ్వవిద్యాలయానికి ఒక్క పౌండు కట్టక ముందే చేయించండి. ఏ ఎమ్మెస్సీలో చేరితే ఆ లోటు ఎంతవరకు తీరుతుందో అప్పుడే తేలుతుంది. శిక్షణ ఉద్యోగాలు తక్కువ, పోటీ ఎక్కువ. అందుకే డిగ్రీలు చేతబట్టుకున్న చాలామంది మొదట ప్రయోగశాల సహాయకులుగా చేరి, లోపలి నుంచి శిక్షణ అవకాశం కోసం ఎదురుచూస్తారు. ఆ సహాయక ఉద్యోగాలకు సాధారణంగా వీసా స్పాన్సర్‌షిప్ దొరకదు కాబట్టి, చదువు తరువాత ఉండనిచ్చే గడువులో ఈ మెట్టు దాటగలమా అన్నది ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచించవలసిన ప్రశ్న. రిజిస్ట్రేషన్ వచ్చాక చేరేది ప్రభుత్వ ఆసుపత్రుల వేతన శ్రేణుల్లో బ్యాండ్ 5లో. 2025-26 సంవత్సరానికి ఇంగ్లండులో దాని ప్రారంభ వేతనం ఏడాదికి సుమారు 31,000 పౌండ్లు. ఆ తరువాత స్పెషలిస్ట్ డిప్లొమా పూర్తి చేసినవారికి బ్యాండ్ 6 దారి తెరుచుకుంటుంది.

ఇక మీ బంధువు మాట. యాంత్రికమైన పని అన్న అభిప్రాయం ఈ ప్రయోగశాల గడప తొక్కనివారికే ఉంటుంది. ఆపరేషన్ థియేటరు నుంచి, ఎండోస్కోపీ గది నుంచి, చర్మ వైద్యుల క్లినిక్ నుంచి ముక్కలు ఫార్మలిన్ (కణజాలం చెడకుండా నిలిపే ద్రవం) డబ్బాల్లో మా దగ్గరకు వస్తాయి. డబ్బా మీది పేరు, పుట్టినతేదీ, ఆసుపత్రి నంబరు, ఏ వైపు అవయవమో, అన్నీ అభ్యర్థన పత్రంతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. ఎడమ, కుడి తారుమారైనా ఆ డబ్బా ముందుకు కదలదు. తరువాత ముక్కను పరిశీలించి, కొలిచి, అవసరమైన భాగాలను చిన్న ప్లాస్టిక్ క్యాసెట్లలో పెడతారు. రాత్రంతా యంత్రంలో ఆల్కహాలు ఆ కణజాలంలోని నీటిని తీసేస్తుంది, జైలీన్ ఆ ఆల్కహాలును తీసేస్తుంది, చివరికి కరిగిన పారఫిన్ మైనం లోపలికి ఇంకుతుంది.

ఉదయం ఆ ముక్కను మైనపు దిమ్మెలో కూర్చడం చేతిపని. అనుమానాస్పదమైన పుట్టుమచ్చ వచ్చిందనుకోండి. చర్మపు ముక్కను అంచు మీద నిలబెట్టి మైనంలో పెడితేనే, పైపొర నుంచి కింది కొవ్వు వరకు అన్ని పొరలూ ఒకే కోతలో కనిపిస్తాయి. అది మెలనోమా అనే చర్మ క్యాన్సరు అయితే ఎంత లోతుకు దిగిందో పాథాలజిస్టు మిల్లీమీటర్లలో కొలిచేది ఆ కోతలోనే. ఎంత వెడల్పున ఆపరేషన్ చేయాలి, లింఫు గ్రంథిని పరీక్షించాలా అన్న నిర్ణయాలకు ఆ కొలతే ఆధారం. ముక్క పడుకున్నట్టు పెడితే ఆ లోతు సరిగ్గా తెలియదు. దిమ్మెను కరిగించి మళ్లీ కూర్చవచ్చు గాని, అప్పటికే కోసేసిన కణజాలం తిరిగి రాదు.

మైక్రోటోమ్ అనే కోత యంత్రం దగ్గర 3, 4 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందాన కోతలు కోస్తాము. మంచుపలక మీద చల్లబరచిన దిమ్మె నుంచి మైనపు పొరలు ఒకదానికొకటి అంటుకుని పట్టీలా వస్తాయి. వాటిని బ్రష్షుతో గోరువెచ్చని నీటి తొట్టి మీదకు తేలనిస్తే ముడతలు విచ్చుకుంటాయి. అప్పుడు గాజు స్లైడును నీటి కిందకు ఏటవాలుగా దించి, పొరను దాని మీదకు ఎక్కిస్తాము. ఒక దిమ్మెకూ మరో దిమ్మెకూ మధ్య నీటి పైభాగాన్ని కాగితంతో తుడిచి తీరాలి. లేదంటే ఒక రోగి కణాలు రెండో రోగి స్లైడు మీద అంటుకుని, లేని క్యాన్సరును ఉన్నట్టు చూపించగలవు. ఆవగింజకన్న చిన్నదైన ఊపిరితిత్తుల బయాప్సీ అయితే, ప్రత్యేక పరీక్షలకు కూడా అందులోనే మిగల్చాలి గనుక, ఎక్కడ ఆపాలో కోసేవారికి తెలిసి ఉండాలి. ఆ విచక్షణ వేలాది దిమ్మెలు కోసినా కొందరికే బాగా అబ్బుతుంది.

ఆపైన హెమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులు కేంద్రకాలను నీలంగా, మిగతా కణభాగాన్ని గులాబీగా చూపిస్తాయి. ఇనుముకు పెర్ల్స్, క్షయ క్రిములకు జీల్-నీల్సన్, రొమ్ము క్యాన్సరుకు ఏ మందు తగునో తేల్చే ఈఆర్, పీఆర్, హెర్2 వంటివి అవసరాన్ని బట్టి చేస్తాము. ఆపరేషన్ మధ్యలోనే ముక్క పంపి ఫలితం అడిగినప్పుడు సుమారు మైనస్ 20 డిగ్రీల క్రయోస్టాట్ అనే శీతల కోత యంత్రంలో గడ్డకట్టించి కోసి, నిమిషాల్లో రంగువేసి అందించాలి. అనుభవం వచ్చాక ఐబీఎంఎస్, రాయల్ కాలేజ్ ఆఫ్ పాథాలజిస్ట్స్ కలిసి నిర్వహించే అర్హతలతో పెద్ద ముక్కల డిసెక్షన్, కొన్ని విభాగాల్లో రిపోర్టు రాయడం వరకు ఎదగవచ్చు. సైటాలజీ, అంటే విడి కణాలను సూక్ష్మదర్శినిలో చూసే పని, ఒక్కదాన్నే నమ్ముకోవద్దని మాత్రం మీ అమ్మాయికి చెప్పండి. ఇంగ్లండులో 2019 చివరికల్లా గర్భాశయ ముఖద్వార పరీక్ష ముందు హెచ్‌పీవీ వైరస్ కోసం చేసే పద్ధతికి మారి, ఆ పని 8 ప్రయోగశాలలకే పరిమితమైంది.

ఓపిక, శుభ్రత, గంటలకొద్దీ నిలబడే శక్తి ఉండి, తన చేతి కింద ఉన్నది ఎవరి తల్లిదో బిడ్డదో అన్న స్పృహ ఉన్న పిల్లకు ఇది గొప్ప వృత్తి అని నా నమ్మకం. దారి స్పష్టంగా తెలుసుకున్నాకే పంపండి.

ప్రశ్న: నేను బీఎంఎల్‌టీ చదివి, గుంటూరులో ఆరేళ్లుగా హిస్టోపాథాలజీ టెక్నీషియనుగా పనిచేస్తున్నాను. మళ్లీ బ్రిటన్‌లో డిగ్రీ చేయకుండా నేరుగా రిజిస్టరు కావడం కుదురుతుందా?

జవాబు: కుదరవచ్చు తమ్ముడూ. విదేశాల్లో చదివి పనిచేసినవారి దరఖాస్తులను హెచ్‌సీపీసీ నేరుగా తీసుకుని, చదువునూ అనుభవాన్నీ తమ ప్రమాణాలతో పోల్చి చూస్తుంది. ఇంగ్లిషుకు ఐఈఎల్‌టీఎస్‌లో మొత్తం మీద 7, ఏ విభాగంలోనూ 6.5కు తగ్గకుండా రావాలి.

మనవాళ్ల దరఖాస్తులు తరచు నీరసంగా కనిపించేది ఒక కారణం వల్ల. ‘బ్లాకులు కోశాను, స్టెయిన్ చేశాను’ అని రాసి వదిలేస్తారు. ప్రతి రంగుతోపాటు కంట్రోల్ స్లైడు (ఫలితం ముందే తెలిసిన స్లైడు) ఎందుకు పెట్టావు, అది సరిగా రాకపోతే ఏం చేశావు, ఫార్మలిన్ ఒలికితే ఎలా అదుపు చేశావు, రెండు దిమ్మెల నంబర్లు కలగాపులగమైతే రిపోర్టును ఎవరితో చెప్పి ఆపించావు, కొత్తవారికి ఏం నేర్పావు, ఇవి రాయి. వాళ్లు వెతికేది నీ చేతి వేగం కాదు, నీ నిర్ణయానికి వెనకున్న కారణం. మన దగ్గర గ్రాసింగు, అంటే వచ్చిన ముక్కను పరిశీలించి కోసి క్యాసెట్లలో పెట్టడం, ఎక్కువగా పీజీ డాక్టర్లు చేస్తారు కనుక ఆ అనుభవం లేకపోయినా చిన్నబుచ్చుకోకు; అక్కడ కూడా అది రిజిస్ట్రేషన్ తరువాత, పర్యవేక్షణలో మెట్టుమెట్టుగా నేర్పే పనే. ఫార్మలిన్‌లో ఉండే ఫార్మాల్డిహైడ్‌ను మానవులలో క్యాన్సర్ కారకంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 2004లోనే వర్గీకరించింది. మీ గదిలో గాలి బయటికి లాగే ఏర్పాటు లేకుంటే దాని కోసం ఇప్పుడే పట్టుబట్టు. అది నీ దరఖాస్తుకూ, అంతకుమించి నీ ఊపిరికీ మేలు.

ప్రశ్న: మా అత్తగారికి రొమ్ములో గడ్డ ఉందని ముక్క తీశారు. పది రోజులైనా పూర్తి రిపోర్టు రాలేదు. ఒక్క ముక్క చూడటానికి ఇన్ని రోజులా?
ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీ ఆందోళన నాకు అర్థమవుతుందమ్మా. ఆలస్యం జరిగినంత మాత్రాన కీడు శంకించకండి. ముక్క ఫార్మలిన్‌లో తగినంతసేపు నానాలి. హెర్2 వంటి పరీక్షలు నమ్మదగినవి కావాలంటే కనీసం 6 గంటలు, 72 గంటలకు మించకుండా ఉండాలన్నది అంతర్జాతీయ నియమం. తరువాత ఒక రాత్రి యంత్రంలో, మరుసటి రోజు కోత, రంగు, పాథాలజిస్టు పరిశీలన. అందులో క్యాన్సరు కనిపిస్తే ఈఆర్, పీఆర్, హెర్2 చేయాలి. హెర్2 ఫలితం అటూ ఇటూ కాకుండా మధ్యస్థంగా వస్తే జన్యుస్థాయిలో ఇంకో పరీక్ష అవసరం. ఏ మందు ఇవ్వాలన్నది ఈ ఫలితాలే నిర్ణయిస్తాయి కనుక తొందరపెట్టడం వల్ల నష్టమే. అయితే, పరీక్ష ఏ దశలో ఉందో అడిగి తెలుసుకునే హక్కు మీకు ఉంది. మొదటి రిపోర్టు వచ్చి అదనపు పరీక్షలకు ఆగిందా, లేక ముక్క ఇంకా ప్రయోగశాలకే చేరలేదా అని సూటిగా అడగండి.

వేరే ఆసుపత్రిలో రెండో అభిప్రాయం తీసుకోదలిస్తే రిపోర్టు కాగితం ఒక్కటే తీసుకువెళితే చాలదు. స్లైడ్లతోపాటు మైనపు బ్లాకు కూడా రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. దాని మీది నంబరు, రిపోర్టులోని నంబరు ఒకటేనా అని కౌంటరు దగ్గరే సరిచూసుకోండి. ఎండలో ఆగిన కారులో వదిలేయకండి. మైనం మెత్తబడితే లోపలి కణజాలం దెబ్బతింటుంది. పని పూర్తయ్యాక బ్లాకును ఇచ్చినచోటికే తిరిగి చేర్చి రసీదు తీసుకోండి, ఏళ్ల తరువాత కొత్త మందు కోసం మరో పరీక్ష చేయవలసి వస్తే అదే బ్లాకు నుంచి మళ్లీ కోస్తారు.