మనవాళ్ళ గ్రూపులో పెట్టిన ఇల్లు మార్కెట్లో పెట్టినట్టేనా?

అమెరికాలో ఇళ్ళ కొనుగోళ్ళు, అద్దెల మీద పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఫ్రిస్కోలో (టెక్సాస్) ఏజెంటుని. వేర్వేరు బ్రోకరేజీల తెలుగు ఏజెంట్లమంతా కలిసి ఒక వాట్సాప్ గ్రూపు నడుపుతున్నాం. ఎం.ఎల్.ఎస్.లో (ఏజెంట్లు అమ్మకపు ఇళ్ళను నమోదు చేసే ఉమ్మడి జాబితా) ఎక్కించకముందే ఇల్లు గ్రూపులో పెడితే తెలుగువాళ్ళే వచ్చి కొనేస్తున్నారు. అమ్మేవాళ్ళకీ పని తేలికవుతోంది. ఇందులో ఇబ్బందేమైనా ఉందా?

జవాబు: ఉంది. ముందు ఎం.ఎల్.ఎస్. నియమం సంగతి చూడండి. ఏజెంట్ల జాతీయ సంఘమైన నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్టర్స్ 2020లో తెచ్చిన క్లియర్ కోఆపరేషన్ పాలసీ ప్రకారం, ఇంటికి బయట ప్రచారం మొదలయ్యాక ఒక పనిదినంలోగా దాన్ని ఎం.ఎల్.ఎస్.కి ఇవ్వాలి. పలు బ్రోకరేజీలవాళ్ళు లిస్టింగులు (అమ్మకానికి పెట్టే ఇళ్ళ వివరాలు) పంచుకునే వేదికలు కూడా బయట ప్రచారం కిందికే వస్తాయి. ఒక బ్రోకరు ఇంకో బ్రోకరుకి విడిగా ఫోన్ చేసి చెప్పడం వేరు, మీలాంటి గ్రూపులో ఫొటోలు పెట్టడం వేరు.

అంతకన్నా పెద్దది ఫెయిర్ హౌసింగ్ చట్టం. 1968లో వచ్చిన ఈ చట్టం జాతి, రంగు, మతం, పుట్టిన దేశం లేదా పూర్వీకుల దేశం చూసి ఇల్లు నిరాకరించడాన్ని నిషేధించింది. 1974లో లింగభేదం, 1988లో వైకల్యం, ఇంట్లో పిల్లలుండటం చేరాయి. మీకు ఎవరి మీదా ద్వేషం లేకపోవచ్చు. కానీ తెలుగువాళ్ళు మాత్రమే చూసే చోట అమ్మకం మొదలై అక్కడే ముగిసిపోతే, మిగతావాళ్ళకు ఆ ఇల్లు అమ్మకానికి ఉందన్న సంగతే తెలియదు. ఉద్దేశం లేకపోయినా ఫలితాన్ని బట్టి దావా వేయవచ్చని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు మీ పక్కనున్న డాలస్‌దే. అమ్మేవాళ్ళకీ ఇందులో నష్టమే: పది ఆఫర్లు రావలసిన ఇంటికి రెండొస్తే ధర అక్కడే ఆగిపోతుంది.

గ్రూపు మూసేయక్కర్లేదు, వరస మార్చండి. లిస్టింగ్ ఒప్పందం మీద సంతకాలయ్యాక ఫొటోలు సిద్ధం చేసుకుని, ముందు ఎం.ఎల్.ఎస్.లో పెట్టండి. మీ ఎం.ఎల్.ఎస్.లో ‘కమింగ్ సూన్’ (త్వరలో అమ్మకానికి వస్తుందని చెప్పే దశ) ఉంటే దాన్ని వాడుకోవచ్చు, కానీ ఆ దశలో ఇల్లు చూపించవచ్చో లేదో నియమం చదువుకోండి. లింకు గ్రూపులో వేయడం ఆ తర్వాతే. చూపించే రోజు, ఆఫర్ల గడువు అందరికీ ఒకటే ఉండాలి. ఎవరు ఎప్పుడు అడిగారు, ఏం చెప్పారు అన్నది తేదీలతో రాసి ఉంచండి. ఫిర్యాదు వస్తే మిమ్మల్ని కాపాడేది ఆ కాగితమే. అమ్మేవాళ్ళు గుట్టుగా అమ్మాలని పట్టుబడితే, విషయం వివరించి రాతపూర్వకంగా సంతకం తీసుకుని, మీ బ్రోకరేజీ లోపలే ఉంచండి.

ఇంకొక్క మాట. ‘మనమంతా రెండున్నర శాతానికి తగ్గొద్దు’ లాంటి మాట గ్రూపులో రానివ్వకండి. వేర్వేరు సంస్థలవాళ్ళు కమిషన్ కూడబలుక్కోవడం యాంటీట్రస్ట్ (వ్యాపారంలో పోటీని కాపాడే) చట్టం కింద నేరం.

ప్రశ్న: ‘మనవాళ్ళు ఎక్కువున్న కమ్యూనిటీ చూపించండి’ అంటే మా ఏజెంటు, ఆయన తెలుగాయనే, మాట దాటేస్తున్నారు. ఎందుకు?

జవాబు: ఆయన చేస్తున్నది సరైన పనే. మీరు అడగడంలో తప్పు లేదు, ఎక్కడ ఉండాలన్నది మీ ఇష్టం. కానీ పుట్టుకను బట్టి కొనేవాళ్ళని ఒక పేటకి మళ్ళిస్తే, దాన్ని స్టీరింగ్ అంటారు. లాంగ్ ఐలాండ్‌లో న్యూస్‌డే పత్రిక 93 మంది ఏజెంట్లను రహస్యంగా పరీక్షించి 2019లో ఫలితాలు అచ్చువేసింది. నల్లజాతివారితో చేసిన పరీక్షల్లో 49 శాతంలో, ఆసియావారితో చేసినవాటిలో 19 శాతంలో తేడా చూపించిన ఆనవాళ్ళు బయటపడ్డాయి. మనమూ ఆ రెండో లెక్కలో ఉన్నవాళ్ళమే.

జనాభా వివరాలు సెన్సస్ వెబ్‌సైటులో మీరే చూసుకోండి. బడి సంగతి, ఆ చిరునామా ఏ బడి పరిధిలోకి వస్తుందో స్కూల్ డిస్ట్రిక్టునే అడగండి. సాయంత్రం ఆరింటప్పుడు ఆ వీధిలో నడిచి చూడండి. ఏజెంటుని నిక్షేపంగా అడగగలిగినవీ చాలానే ఉన్నాయి: ధర, గదులు, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) రుసుము, ఆఫీసుకి దూరం. తూర్పు ముఖం ఇల్లే కావాలన్నా పరవాలేదు, అది ఇంటి లక్షణం. ఆఫరుతోపాటు ‘మేమూ తెలుగు కుటుంబమే’ అని ఫొటోతో ఉత్తరం మాత్రం పెట్టకండి. అది చదివి మీకే ఇల్లిస్తే, ఆఫరు పోగొట్టుకున్న ఇంకొకరు అమ్మినవాళ్ళ మీద ఫిర్యాదు చేయగలరు.

ప్రశ్న: ఎడిసన్‌లో (న్యూజెర్సీ) మా రెండో ఇల్లు అద్దెకిస్తున్నాం. ‘తెలుగు కుటుంబం, శాకాహారులు, చిన్నపిల్లలు వద్దు’ అని ప్రకటన రాశాం. ఇది సరిపోతుందా?

జవాబు: ఆ ప్రకటన వెంటనే తీసేయండి. ‘తెలుగు’, ‘పిల్లలు వద్దు’ రెండూ నేరుగా చట్టానికి విరుద్ధం. ‘శాకాహారులు’ అనే మాట చట్టం జాబితాలో లేదు, కానీ మతాన్నో కులాన్నో చాటుగా వడపోసే మాటగా వాదించవచ్చు. సియాటెల్ నగరం 2023లో కులవివక్షను పేరు పెట్టి నిషేధించింది కూడా. ఫెడరల్ గృహశాఖకి (హడ్) ఫిర్యాదు చేయడానికి ఏడాది, కోర్టుకి వెళ్ళడానికి రెండేళ్ళు గడువుంటుంది. మొదటి తప్పుకే జరిమానా 25 వేల డాలర్లు దాటవచ్చు.

ఇలా రాయండి: ‘మూడు పడకగదులు, అద్దె ఇంత, డిపాజిట్ ఇంత, పొగతాగడం నిషేధం, ఆదాయం అద్దెకి ఇన్ని రెట్లు, క్రెడిట్ స్కోరు కనీసం ఇంత.’ అడిగినవాళ్ళందరికీ అదే కొలత. ఎంతమంది ఉండవచ్చన్న దానికి పడకగదికి ఇద్దరన్న లెక్క మామూలుగా సమంజసమని హడ్ భావిస్తుంది. న్యూజెర్సీ సొంత చట్టం ప్రకారం, సెక్షన్ 8 వోచరుతో (తక్కువ ఆదాయంవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే అద్దె సాయం) అద్దె కడతామన్నవాళ్ళని ఆ ఒక్క కారణంతో కాదనకూడదు.