మీ బండి – మీ ప్రశ్నలు: కొత్త బ్యాటరీ వేసినా సెల్ఫ్ పలకడం లేదు!

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కరెంటు గొడవలే. వైజాగ్‌లో వానలు మొదలైతే ప్రతి ఏడాదీ ఇదే వరస. అందుకని చైన్ స్ప్రాకెట్లు, క్లచ్ ప్లేట్ల సంగతి వచ్చే నెలకి వాయిదా వేసి, పాత బండ్ల వైరింగ్ గురించి రాసినవాళ్లకే జవాబులు ఇస్తున్నాను. ముందుగా ఒక మాట. మూడు నాలుగు వందలు పెడితే చిన్న డిజిటల్ మల్టీమీటరు వస్తుంది. అది మీ చేతిలో ఉందనుకునే ఇదంతా రాస్తున్నాను. లేకపోతే కొనుక్కోండి, బ్యాటరీ ఖరీదులో అది ఏ మూలకి!

ప్రశ్న: మాస్టారూ, ఏడాది క్రితం 2009 మోడల్ 150 సీసీ బండి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ఏపీ 31 నంబరు, పేపర్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. మూడు రోజులు బయటికి తీయకపోతే చాలు, సెల్ఫ్ టిక్ టిక్ అంటుంది తప్ప తిరగదు. కిక్ కొడితే స్టార్ట్ అవుతుంది. ఎనిమిది నెలల్లో రెండు బ్యాటరీలు మార్చాను. ఇప్పుడు మెకానిక్ కాయిల్ ప్లేటు పోయింది, రెగ్యులేటర్ కూడా వేసేద్దాం, నాలుగు వేలు అవుతుంది అంటున్నాడు. వేయించేయమంటారా?
– ఒక పాఠకుడు, పెదగంట్యాడ

జవాబు: వద్దండీ, ఇప్పుడే వద్దు. కాయిల్ ప్లేటు అంటే ఇంజన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించేది, రెగ్యులేటర్ ఆ కరెంటును బ్యాటరీకి సరిపడా అదుపు చేసేది. మీటరు పెట్టి చూశాడో లేదో మీరు రాయలేదు. చూసి ఉంటే ఎన్ని వోల్టులు వస్తున్నాయో మీకు చెప్పేవాడు, మీరు నాకు రాసేవారు. మీ ఉత్తరంలోనే ఇంకో సంగతి ఉంది. రోజూ తిప్పుతున్నప్పుడు బండి బాగానే ఉంటోంది, మూడు రోజులు నిలబెడితేనే మొరాయిస్తోంది. కాయిల్ ప్లేటు నిజంగా పోయి ఉంటే రోజూ తిప్పినా బ్యాటరీ దిగిపోవాలి కదా!

రేపు పొద్దున్నే తాళం పెట్టకముందే బ్యాటరీ రెండు టెర్మినళ్ల మీద మీటరు పెట్టండి. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 అయినా ఫర్వాలేదు, 12 దగ్గరికి వచ్చేసిందంటే ఖాళీ అయినట్టే. తర్వాత కిక్ కొట్టి స్టార్ట్ చేసి, హెడ్‌లైట్ ఆపి (2017 ఏప్రిల్ తర్వాత వచ్చిన కొత్త బండ్లకి ఆ స్విచ్చే ఉండదు, మీదానికి ఉంటుంది) యాక్సిలరేటర్ సగం దాకా ఇచ్చి చూడండి. 13.5 నుంచి 14.5 మధ్య చూపిస్తే చార్జింగ్ లక్షణంగా ఉన్నట్టు, కాయిల్ ప్లేటు మాట మరిచిపోవచ్చు. 15 దాటి పోతోందంటే రెగ్యులేటర్ పోయింది, అదే మీ బ్యాటరీలను ఉడకబెట్టి చంపుతోంది. ఎంత యాక్సిలరేటర్ ఇచ్చినా 12 చిల్లర దగ్గరే కూర్చుంటే మాత్రం చార్జింగ్ అందడం లేదు. అప్పుడు కూడా కాయిల్ కన్నా ముందు కాయిల్‌కీ రెగ్యులేటర్‌కీ మధ్య తీగలను కలిపే కప్లర్ ఊడదీసి చూడండి. లోపలి పిన్నులు నల్లబడి, ప్లాస్టిక్ కరిగి ఉండటం నేను లెక్కలేనన్ని సార్లు చూశాను. కప్లర్ బాగుంటే, కాయిల్ నుంచి వచ్చే తీగలు ఒకే రంగువి మూడు ఉన్నాయేమో చూడండి. ఉంటే, కప్లర్ విప్పి ఇంజన్ నడుపుతూ వాటిని రెండేసి చొప్పున ఏసీ వోల్టుల్లో కొలవండి. మూడు జతల్లోనూ దాదాపు ఒకే అంకె రావాలి. ఒక జత పడిపోయిందా, అప్పుడు ఒప్పుకుంటాను, కాయిల్ పోయింది.

మీ బండి విషయంలో నా అనుమానం వేరే. తాళం తీసేసినా బ్యాటరీని ఏదో తాగుతోంది. పాత ఓనరు అలారమో, హ్యాండిల్‌కి మొబైల్ చార్జరో, ఫ్యాన్సీ లైట్లో పెట్టించి ఉంటాడు. తాళం ఆఫ్‌లో పెట్టి బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. మీటరు ఎర్ర ప్రోబును 10 ఆంపుల రంధ్రంలోకి మార్చి, ఒక ప్రోబు ఆ తీగకీ, రెండోది బ్యాటరీ నెగటివ్‌కీ పెట్టండి. మీదానిలాంటి కార్బ్యురేటర్ బండికి దాదాపు సున్నా రావాలి. 50, 100 మిల్లీ ఆంపులు చూపిస్తోందంటే దొంగ దొరికినట్టే, బయట నుంచి తగిలించినవి ఒక్కొక్కటే పీకుతూ అంకె ఎప్పుడు పడిపోతుందో చూడండి. అన్నీ పీకినా పడకపోతే రెగ్యులేటర్ కప్లర్ తీయండి. దాని లోపలి డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చేది) లీకై రాత్రంతా బ్యాటరీని పీల్చేయడం కూడా ఉంది. ఒక్క జాగ్రత్త, మీటరు ఇలా పెట్టి ఉండగా పొరపాటున తాళం తిప్పి సెల్ఫ్ నొక్కారో, మీటరే కాలిపోవచ్చు.

ఇంకోటి కూడా చూడాలి, ఎందుకంటే మీరుండేది సముద్రం పక్కన. పోయినేడాది పెదజాలరిపేట నుంచి ఒకాయన మూడో బ్యాటరీ వేయించుకుని మరీ నా దగ్గరికి వచ్చాడు, అదే టిక్ టిక్. సెల్ఫ్ నొక్కమని, మీటరు ఒక ప్రోబు బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజన్ బాడీ మీద పెట్టాను. అర వోల్టు లోపు చూపించాల్సిన చోట దాదాపు 3 వోల్టులు! బ్యాటరీ బాక్సు పక్కన ఛాసిస్‌కి బిగించిన ఎర్త్ బోల్టు పదో నంబరు పానాతో విప్పితే, పైకి శుభ్రంగా ఉన్న వాషరు కింద పచ్చగా చిలుము, దాని చుట్టూ గోడకి ఉప్పు పట్టినట్టు తెల్లటి పొర. తీగ చివర ఉండే రింగు చేతిలోకి తీసుకుంటే పొడి రాలింది. కొత్త రింగు వేసి, ఛాసిస్ మీద పెయింటు పోయి ఇనుము తళతళలాడేదాకా గరుకు కాగితంతో రుద్ది, బిగించి, పైన కాస్త వాజలిన్ పూశాను. సెల్ఫ్ ఒక్క నొక్కుకే తిరిగింది. పక్కన పెట్టేసిన ఆయన రెండో బ్యాటరీ చార్జ్ చేసి చూస్తే అదీ బాగానే ఉంది పాపం.

అన్నట్టు పేపర్లు సరిగ్గా ఉన్నాయన్నారు. 2009 బండికి 15 ఏళ్లు నిండాయి, ఆర్‌సీ రెన్యువల్ అయిందో లేదో చూసుకోండి. అది ఐదేళ్లకే ఇస్తారు.

ప్రశ్న: మధురవాడ నుంచి జగదాంబకి రోజూ డ్యూటీకి వస్తాను. 2006 నాటి హీరో హోండా 100 సీసీ. వాన గట్టిగా పట్టుకుంటే హనుమంతవాక వచ్చేసరికి పట్ పట్‌మని ఆగిపోతుంది, అరగంట షాపు చూరు కింద నిలబడితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. ప్లగ్గు మార్చాను, ప్లగ్గుకి నిప్పు పంపే సీడీఐ డబ్బా మార్చాను. ఇంకేం మార్చాలి?
– ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: ఏమీ మార్చకండి, రాత్రి వీధి లైటు లేని చోట బండి స్టార్ట్ చేసి, ఇస్త్రీకి వాడే స్ప్రే బాటిల్‌తో ప్లగ్ క్యాప్ మీదా, దాని నుంచి హెచ్‌టీ కాయిల్‌కి (ప్లగ్గుకి హై వోల్టేజి ఇచ్చేది) వెళ్లే లావు తీగ మీదా నీళ్లు కొట్టండి. చేతులు దూరంగా పెట్టండి, ఆ షాక్ మామూలుగా ఉండదు. నీలం రంగు మెరుపు గీతలు తీగ మీంచి ఇంజన్ మీదకి పాకుతూ కనిపిస్తే మీ జబ్బు అదే, ప్లగ్గుకి వెళ్లాల్సిన నిప్పు తడి మీదుగా జారిపోతోంది. రబ్బరు ఎండి బీటలిచ్చిన ప్లగ్ క్యాప్ పారేసి కొత్తది వేయండి. అది మరతో తిరిగి తీగలోకి దిగుతుంది, తిప్పి లాగితే వచ్చేస్తుంది. తీగ చివర నల్లబడి ఉంటుంది కాబట్టి సెంటీమీటరు కోసేసి, లోపలి రాగి తాజాగా కనిపించాక కొత్త క్యాప్ బిగించండి.

మెరుపులేవీ కనబడకపోతే తాళం వేసే స్విచ్చిని అనుమానించాలి. మీ బండిలో సీడీఐ బ్యాటరీ మీద ఆధారపడదు. తాళం ఆఫ్ చేస్తే, నలుపు మీద తెల్ల గీత ఉన్న తీగని ఆ స్విచ్చి ఎర్త్‌కి కలుపుతుంది, అంతటితో నిప్పు ఆగుతుంది. స్విచ్చిలోకి నీళ్లు దిగితే తాళం ఆన్‌లో ఉన్నా ఆ పని అదే చేసేస్తుంది. బండి ఆగిన చోటే ఆ ఒక్క తీగ కప్లర్ దగ్గర విడదీసి కిక్ కొట్టండి, స్టార్ట్ అయితే దోషం స్విచ్చిదే. ఇంటికొచ్చాక మళ్లీ కలపడం మరవకండి, అది విడిగా ఉంటే తాళం లేకుండానే ఎవడైనా కిక్ కొట్టి పట్టుకుపోతాడు.

రంగుల మాట వచ్చింది కాబట్టి, ఈ పొరపాటు చాలామంది చేస్తున్నారు. నల్ల తీగ అంటే ఎర్త్ అని అన్ని బండ్లకీ అనుకోకండి. హీరో హోండా, హోండా బండ్లలో ఎర్త్ ఆకుపచ్చ. ఏ గీతా లేని నలుపు, తాళం ఆన్ చేస్తే పాజిటివ్ వచ్చే తీగ. యమహాలో నలుపే ఎర్త్, బజాజ్‌లో నలుపు మీద పసుపు గీత. యమహా అలవాటుతో హీరో హోండా నల్ల తీగని ఛాసిస్‌కి కలిపితే ఫ్యూజు పోవడం ఖాయం.

ప్రశ్న: మా గుంటడు కాలేజీకి తిప్పుతున్న పాత బండికి వారానికోసారి ఫ్యూజు పోతోంది. విసుగొచ్చి వాడు సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి పెట్టాడు, ఇప్పుడు బాగానే నడుస్తోంది. ఏమైనా ప్రమాదమా?
– ఒక తండ్రి, గోపాలపట్నం

జవాబు: ప్రమాదమే, ఈ ఉత్తరం చదవడం ఆపి ముందు అది తీయించండి. (మీ వాడి జేబులోకి సిగరెట్ పెట్టె ఎలా వచ్చిందన్నది మీరూ మీరూ చూసుకోండి.) ఎక్కడో తీగ ఛాసిస్‌కి తగులుతోంది. ఫ్యూజు కాలి మిమ్మల్ని కాపాడుతోంది, ఆ కాగితం కాలదు, దాని బదులు వైరింగ్ కాలుతుంది. వైరింగ్ మీదే పెట్రోలు ట్యాంకు ఉంటుంది.

తగులుతున్న చోటు పట్టుకోవడానికి ఫ్యూజులు తగలెయ్యక్కర్లేదు. 21 వాట్ల ఇండికేటర్ బల్బుకి రెండు తీగలు కట్టి ఫ్యూజు ఉండే చోట పెట్టండి. లైట్లన్నీ ఆపి తాళం ఆన్ చేయండి. షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, లేకపోతే వెలగదు, లేదా మిణుకుమంటుంది. ఇక హ్యాండిల్ కుడికి ఎడమకి పూర్తిగా తిప్పండి, బ్రేకు నొక్కండి, వెనక మడ్‌గార్డు ఊపండి. దేనికి బల్బు భగ్గుమంటే అక్కడ వెతకాలి. పాత బండ్లలో నేను మొదట చూసేది హ్యాండిల్ మెడ దగ్గరే, ఏళ్ల తరబడి తిప్పి తిప్పి తీగ మీది తొడుగు అరిగిపోతుంది. తర్వాత వెనక లైటు తీగ, అది మడ్‌గార్డు రంధ్రం అంచుకి ఒరుసుకుంటుంది. దొరికాక ఉత్త టేపు చుట్టి వదలకండి, ఎండకి జిగురు కరిగి ఊడిపోతుంది. తీగ అతికి, మీద స్లీవు తొడగండి. ఫ్యూజు ఎన్ని ఆంపులదో డబ్బా మీద రాసి ఉంటుంది, అదే వేయాలి, ఒకటి పెంచితే పోదులే అనుకోవద్దు.

ప్రశ్న: భీమిలి రోడ్డులో రాత్రిళ్లు నా 100 సీసీ హెడ్‌లైట్ ఆనడం లేదు. 100 వాట్ల బల్బు వేయొచ్చా? ఎల్ఈడీ వేస్తే ఎందుకో రెపరెపలాడుతోంది, ఇండికేటర్లు కూడా ఎల్ఈడీవి పెడితే టకటకా కొట్టుకుంటున్నాయి.
– ఒక పాఠకుడు, రుషికొండ

జవాబు: 35 వాట్ల బల్బు కోసం చేసిన కాయిల్ 100 వాట్లు ఎక్కడి నుంచి తెస్తుంది? వెలుతురు పెరగదు సరికదా హోల్డరు కరుగుతుంది. పాత 100 సీసీల్లో చాలావాటికి హెడ్‌లైట్ బ్యాటరీ మీద కాదు, కాయిల్ నుంచి నేరుగా ఏసీ మీద వెలుగుతుంది. అందుకే స్లో చేస్తే మసకబారుతుంది, ఎల్ఈడీ రెపరెపలాడుతుంది. ముందు రిఫ్లెక్టర్ చూడండి, వెండిపూత పోయి ఉంటే హెడ్‌లైట్ డోమ్ మార్చండి, హోల్డరు ఎర్త్ శుభ్రం చేయండి, సగం వెలుతురు అక్కడే దొరుకుతుంది. ఇండికేటర్లకైతే ఎల్ఈడీకి పనిచేసే ఫ్లాషర్ (ఇండికేటర్లను ఆర్పి వెలిగించే డబ్బా) వేస్తే సరి, పాతదానికి బల్బులు లాగే కరెంటు తగ్గితే ఒక బల్బు పోయిందనుకుని వేగంగా కొట్టుకుంటుంది.

ప్రశ్న: నాన్నగారి బండి ఆయన పోయాక రెండేళ్లుగా మెట్ల కిందే ఉంది. అమ్మబుద్ధి కావడం లేదు, నేనే నడపాలని ఉంది. కిక్ మాత్రమే ఉన్న 100 సీసీ. పక్కింటి కారు చార్జర్‌తో బ్యాటరీ చార్జ్ చేయొచ్చా?
– ఒక పాఠకురాలు, వన్ టౌన్

జవాబు: కారు చార్జర్ వద్దమ్మా. మీ బండి బ్యాటరీ 2.5 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ఉంటుంది, దానికి పావు ఆంపు చొప్పున నెమ్మదిగా ఎక్కించాలి. కారుది ఒకేసారి 5, 6 ఆంపులు తోసేస్తుంది, ఉబ్బిపోతుంది. అయినా రెండేళ్లు ఖాళీగా పడున్న బ్యాటరీ మళ్లీ లేవడం కష్టం, కొత్తది తీసుకోండి, నాన్నగారిది కదా అని దాన్ని పట్టుకుని వేలాడొద్దు. పాతది షాపులో ఇస్తే కొంత తగ్గిస్తారు.

కొత్తది బిగించే ముందు సీటూ, పక్క డోములూ విప్పి ఎలుకలు తీగలు కొరికాయేమో చూడండి, మెట్ల కింద బండి అంటే వాటికి ఇల్లే. తీగ కనబడిన ప్రతి కప్లర్ ఊడదీసి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి మళ్లీ పెట్టండి. బ్యాటరీకి పాజిటివ్ ముందు బిగించాలి, నెగటివ్ తర్వాత. తాళం ఆన్ చేసి న్యూట్రల్ లైటు వెలిగిందా, హారన్ మోగిందా చూసుకోండి. హారన్ గురకలా మోగితే కంగారు పడకండి, రెండేళ్లు మూగగా ఉంది కదా, దాని వెనక చిన్న స్క్రూ ఉంటుంది, పావు చుట్టు అటూ ఇటూ తిప్పితే గొంతు వస్తుంది. ట్యాంకులో పాత పెట్రోలు ఉంటే మాత్రం కిక్ కొట్టకముందే తీయించేయండి.