లండన్ బ్రిక్ లేన్ మొదటి నుంచీ బంగ్లాదేశీల పేటేనా?

కాదు, బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతం వాళ్లు అక్కడ పెద్ద సంఖ్యలో స్థిరపడింది 20వ శతాబ్దం రెండో సగంలోనే. అంతకుముందు అది ఫ్రెంచి నేతగాళ్ల పేట, ఆ తర్వాత యూదుల పేట.

ఇలా వలస వచ్చినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఇక్కడికే చేరడానికి కారణం చాలావరకు పొట్టకూటికి సంబంధించినదే. ఈ వీధి పాత లండన్ నగర గోడకు బయట, తూర్పున ఉంది. రేవులు దగ్గర, అద్దెలు తక్కువ, పైగా బట్టల పని ఎప్పుడూ దొరికేది. ఫ్రాన్సులో 1685లో మత స్వేచ్ఛ రద్దయ్యాక వచ్చిన ప్రొటెస్టెంట్లు పట్టు నేశారు. 1880ల నుంచి రష్యా సామ్రాజ్యం వదిలి వచ్చిన యూదులు దర్జీ పని చేశారు. సిల్హెట్ వాళ్లలోనూ చాలామంది మొదట కుట్టుపనిలోనే చేరారు.

వీధిలోని జామే మసీదునే చూడండి. 1743లో ఫ్రెంచివాళ్ల చర్చిగా కట్టారు, 1819లో మెథడిస్టులనే మరో ప్రొటెస్టెంట్ శాఖవాళ్ల చాపెల్ అయింది, 1898లో యూదుల ప్రార్థనా మందిరం, 1976లో మసీదు. గోడ పైభాగాన 1743 అని చెక్కిన నీడ గడియారం మాత్రం అలాగే ఉంది. ఇంత చరిత్ర ఒక్క భవనంలో కనిపించడం నిజంగా అరుదు.

ఒకరొచ్చి ఇంకొకరిని తరిమేశారని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. యూదుల్లో ఎక్కువమంది నాలుగు డబ్బులు చేతికి రాగానే ఉత్తర లండన్ వైపు మారిపోయారు, వాళ్ల బేగెల్ రొట్టెలు ఇప్పటికీ ఆ వీధిలో అమ్ముతున్నారు. అలాగే అక్కడ ‘ఇండియన్’ అని బోర్డు పెట్టిన హోటళ్లలో చాలావరకు నడిపేది సిల్హెట్ వాళ్లే.