తల నిలిస్తే కాలు అదే వెళ్తుంది

జయనగర్, బెంగళూరు

చిరంజీవి చిన్నాకి పెదనాన్న ఆశీస్సులు.

మొన్న ఆదివారం నీ మ్యాచ్ చూసి ఇంటికొచ్చినప్పటినుంచీ నీకు రాయాలనే ఉంది. ఫోన్‌లో చెప్పేదానికన్నా కాగితం మీదుంటే తీరిగ్గా మళ్ళీ చదువుకుంటావని రాస్తున్నాను.

పదకొండు పరుగులకి ఎల్బీ అయ్యావు, వికెట్లకి తగలాల్సిన బంతికి కాలు అడ్డుపెట్టి. అంతకుముందు మ్యాచ్‌లోనూ ఎల్బీయేనని మీ నాన్న చెప్పాడు. కోచ్ సరిగ్గా చూడట్లేదు, అకాడమీ మారతానంటున్నావట. ఇప్పుడే మారకు నాన్నా. నేను సైట్ స్క్రీన్ పక్కన నిలబడి నీ బ్యాటింగంతా చూశాను. బంతి బౌలర్ చెయ్యి దాటగానే నీ తల ఆఫ్ సైడుకి, అంటే బౌలర్‌ని చూస్తుంటే నీ కుడిపక్కకి, వాలిపోతోంది. తల ఎటు వాలితే ఒళ్ళూ అటే. ముందుకాలు అడ్డంగా వెళ్ళి పడుతోంది. ఇక వికెట్ల మీదికొచ్చే బంతికి బ్యాట్ ఆ కాలిని చుట్టి రావాలి. అది వచ్చేలోపు బంతి ప్యాడ్‌కి తగిలేస్తోంది. నువ్వు అవుటైన బంతిలో స్వింగూ లేదు, పెద్ద స్పీడూ లేదు.

అందుకే వచ్చే ఆరు వారాలు ఒక్క తల సంగతే చూసుకో. స్కూపులూ రివర్స్ స్వీపులూ లాంటి కొత్తరకం షాట్లు ఎక్కడికీ పోవు.

మీ మేడ మీద బట్టలారేసే కొక్కెం ఉంది కదా. పాత సాక్సులో బంతి వేసి, తాడు కట్టి, మోకాలికి కాస్త కిందికి వచ్చేలా వేలాడదియ్యి. ఎడంచేత్తో మాత్రమే బ్యాట్ పట్టుకుని, ముందుకాలు వేసి, నిటారు బ్యాట్‌తో తట్టు. గట్టిగా కొట్టొద్దు. తట్టాక అలాగే రెండు సెకన్లు కదలకుండా ఉండు. తల ముందుమోకాలికి సరిగ్గా పైన ఉందా, రెండు కళ్ళూ ఒకే మట్టంలో ఉన్నాయా చూసుకో. పక్కకి తూలావంటే తల ముందే పోయిందన్నమాట. రోజుకి యాభై చాలు. వారానికోసారి మీ అమ్మని ఎదురుగా, బౌలర్ ఉండే వైపు నిలబడి వీడియో తియ్యమను. పక్కనుంచి తీస్తే ఈ తప్పు కనపడదు.

ఆ బ్యాట్ కూడా నీకు బరువే. పైచెయ్యి, అంటే హ్యాండిల్‌ని పైన పట్టుకునే ఆ ఎడంచెయ్యి, ఒక్కదానితో దాన్ని భుజం ఎత్తులో ముందుకి చాచి పట్టుకో. పది లెక్కపెట్టేలోపు చెయ్యి వణికితే నీ బ్యాట్ కాదది. బరువు మొయ్యలేకే కింది చేతిని అంత బిగిస్తున్నావు. మీ నాన్నతో నేను మాట్లాడతాను. రెండేళ్ళు పోతే అదే బ్యాట్ నీకు సరిపోతుంది.

మేం ఈ ఊళ్ళో మ్యాటింగ్ వికెట్ల మీద, అంటే చాప పరిచిన పిచ్‌ల మీద, ఆడి పెరిగాం. బంతి నడుం దాటి లేచేది, వెనక్కాలు మీదికి వెళ్ళక తప్పేది కాదు. మీ నెట్స్‌లో ఆస్ట్రో టర్ఫ్ అనే కృత్రిమ గడ్డి మీద బంతి ఒకే ఎత్తులో వస్తుంది కాబట్టి అందరూ ముందుకే దూకుతున్నారు. వారంలో ఒకరోజైనా ఎవరిచేతైనా షార్ట్ బంతులు వేయించుకో, టెన్నిస్ బంతితోనైనా సరే.

మన బెంగళూరు ద్రావిడ్ టెస్టుల్లో 31,258 బంతులు ఎదుర్కొన్నాడు. అన్ని బంతులు ఇంకెవరూ ఆడలేదు. ఆయన బ్యాటింగ్ చూస్తే నాకు డ్రైవ్ కన్నా వదిలేసిన బంతులే ఎక్కువ నచ్చేవి. వదిలెయ్యాలంటే ఆఫ్ స్టంప్, అంటే ఆఫ్ సైడు చివర ఉండే స్టంప్, ఎక్కడుందో కచ్చితంగా తెలియాలి. తల కదిలేవాడికి ఆ లెక్క ప్రతి బంతికీ మారిపోతుంది. సచిన్‌నే చూడు. 2004 జనవరిలో సిడ్నీ టెస్టుకి ముందు ఆఫ్ స్టంప్ బయట బంతులకి అవుటవుతున్నాడు. సిడ్నీలో తనకెంతో ఇష్టమైన కవర్ డ్రైవ్‌నే పక్కన పెట్టేశాడు. 241 నాటౌట్. ఒక్క షాట్ మానుకోవడానికి ఎంత నిగ్రహం కావాలో ఆ ఇన్నింగ్స్ దొరికితే కూర్చుని చూడు.

కోచ్ సంగతి. ఇరవైమంది పిల్లల మధ్య ఆయన నిన్నొక్కణ్ణే చూస్తూ ఉండలేరు. నెట్ అయ్యాక వెళ్ళి 'సార్, నా తల పడిపోతోందా?' అని అడుగు. అలా ఫలానాది అని అడిగితే రేపటినుంచి ఆయన కళ్ళు అక్కడే ఉంటాయి. 'నా బ్యాటింగ్ ఎలా ఉంది సార్?' అంటే 'బాగుంది' అనే వస్తుంది.

ఇంకొకటి, ఇది మాత్రం మర్చిపోవద్దు. నువ్వు మీడియం పేస్ కూడా వేస్తున్నావు. పదహారేళ్ళప్పుడు నాకు నడుం దగ్గర ఒకపక్క నొప్పి మొదలైంది. చెబితే టీములోంచి తీసేస్తారని భయపడి నెలరోజులు దాచి వేశాను. చివరికి వంగి బూట్లు కట్టుకోలేకపోయాను, సీజనంతా పోయింది. పేస్ వేసే కుర్రాళ్ళకి వెన్నుపూసలో సన్నటి చీలిక రావడం అరుదేం కాదు. నొప్పి వచ్చిన రోజే అమ్మకి చెప్పు, బౌలింగ్ ఆపు, డాక్టర్‌కి చూపించు. అందులో పరువు తక్కువేం లేదు.

ఆదివారం పొద్దున ఆరున్నరకల్లా మారతహళ్ళి వస్తాను, ట్రాఫిక్ లేకముందే. సంచీడు టెన్నిస్ బంతులు తెస్తున్నాను. నువ్వు అప్పటికి తాడు కట్టి ఉంచు. ఉప్మా తర్వాత తిందామని మీ అమ్మకి చెప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న