కోనసీమ బురదలో తిరిగే థార్‌కు 9,500 పౌండ్ల వించ్ చాలా, 12,000 పౌండ్లది కావాలా?

రొయ్యల చెరువులకు, లంక పొలాలకు వెళ్లివచ్చే థార్‌కు 9,500 పౌండ్ల బలంతో లాగే వించ్ (కూరుకుపోయిన బండిని తాడుతో బయటికి లాగే మోటారు యంత్రం) సరిపోతుందా, 12,000 పౌండ్లది కొనాలా, దానికి ఇనుప తాడు మంచిదా, సింథటిక్ తాడు మంచిదా అని మీరు అడిగారు. ముమ్మిడివరం వైపు ఇదే పనికి నేను పాత థార్‌ను ఏడేళ్లుగా నడుపుతున్నాను. 9,500 పౌండ్లదే తీసుకుని, మిగిలే డబ్బును మంచి కప్పీకి, చెట్టుకు చుట్టే వెడల్పాటి పట్టీకి, వాటిని తాడుకు కలిపి బిగించే ఇనుప షాకిళ్లకు ఖర్చు పెట్టండి అన్నది నా సమాధానం.

వించ్ చూసే ముందు బండిని మీరు మామూలుగా మోసే సామానుతో సహా కాటా వేయించండి. మేత బస్తాలు, ఇద్దరు మనుషులతో నా బండి 2,240 కిలోలు తూగింది. మొత్తం బరువుకు ఒకటిన్నర రెట్ల సామర్థ్యం ఉండాలన్న వాడుక సూత్రం ప్రకారం నాకు 3,360 కిలోలు, అంటే దాదాపు 7,400 పౌండ్లు కావాలి. ఈ లెక్కన 9,500 పౌండ్లది, అంటే సుమారు 4,300 కిలోలు లాగేది, ధారాళంగా సరిపోవాలి. కానీ ఈ సూత్రం మన బురదను దృష్టిలో పెట్టుకుని చేసినది కాదు. సైనిక వాహనాలను బురదలోంచి తీసేవారి లెక్క ప్రకారం, చక్రాల మేర దిగబడిన బండిని కదపడానికి దాని బరువంత బలం, మడ్‌గార్డుల మేర దిగబడితే బరువుకు రెండింతల బలం కావాలి. అంటే నా బండికే 4,480 కిలోలు.

మీరు 12,000 పౌండ్ల దాని గురించి ఆలోచించడానికి కారణం బహుశా ఇదే. అయితే పెట్టె మీద రాసిన ఆ అంకె డ్రమ్ము మీద తాడు మొదటి వరుసలో మాత్రమే ఉన్నప్పటిది. వరుస మీద వరుస చుట్టుకునే కొద్దీ డ్రమ్ము లావై, లాగే బలం తగ్గిపోతుంది. నాలుగో వరుసకు వచ్చేసరికి అది మూడింట రెండు వంతుల దగ్గరికి పడిపోతుంది. చెట్టు దగ్గరగా ఉండి తాడు కొంచెమే బయటికి లాగితే, 12,000 పౌండ్లది కూడా 3,600 కిలోల దగ్గరే ఆగిపోతుంది. అదే 9,500 పౌండ్ల వించ్ తాడును చెట్టుకు కట్టిన కప్పీ గుండా తిప్పి, కొసను తిరిగి మన బండి ఛాసిస్ కొక్కేనికే తగిలిస్తే, వేగం సగమై బలం ఇంచుమించు రెట్టింపవుతుంది. తాడు ఎక్కువ బయటికి రావడం వల్ల డ్రమ్ము మీద వరుసలూ తగ్గుతాయి. కప్పీ, షాకిళ్లు ఆ రెట్టింపు భారాన్ని తట్టుకునేవై ఉండాలి. ఇంట్లో నూతి గిలకను ఈ పనికి ఎంతమాత్రం వాడకండి.

ఈ విషయం నాకు అనుభవం మీదే తెలిసింది. ఒక శ్రావణ మాసంలో ముసురు పట్టిన రోజున మా బావగారి రొయ్యల చెరువు గట్టు ఒక పక్కకు జారి, నా బండి ఎడమ చక్రాలు మడ్‌గార్డుల దాకా కూరుకుపోయాయి. నా దగ్గర కప్పీ లేదు. ఎదురుగా ఉన్న ఒక్క కొబ్బరి చెట్టుకు ఛాతీ ఎత్తున తాడు కట్టి లాగాను. బండి కదలలేదు కానీ చెట్టు మొదట్లో మట్టి పైకి లేవడం మొదలైంది. కొబ్బరికి తల్లి వేరు ఉండదు. తడిసిన నేలలో పీచు వేళ్ల పట్టు ఎంతటిదో ఆ రోజు కళ్లారా చూశాను. వెంటనే ఆపేశాను. గంటసేపు పారలతో చక్రాల ముందు బురద తోడించి, క్రేను నడిపే ఒకాయన దగ్గర కప్పీ అరువు తెచ్చి, దూరంగా ఉన్న రెండు చెట్లను మొదట్లోనే పట్టీతో కలిపి కట్టి లాగితే బండి నెమ్మదిగా బయటికి వచ్చింది. ఆ గంట పార పని మోటారుకు ఎంత శ్రమ తగ్గించిందో చెప్పలేను. బండిలో పార లేకుండా చెరువు గట్టు ఎక్కకండి.

తాడు విషయంలో నేను సింథటిక్ వైపే మొగ్గుతాను. సముద్రపు గాలి తగిలే మన ప్రాంతంలో ఇనుప తాడు లోపలి పోగులు తుప్పు పట్టడం పైకి కనిపించదు, తెగితే అది కొరడాలా వెనక్కి కొట్టి ప్రాణం తీయగలదు. సింథటిక్ తాడుకు ఎండ, ఇసుక శత్రువులు కాబట్టి పని అయ్యాక మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి, డ్రమ్ముకు తొడుగు వేయాలి. ఏ తాడైనా తెగితే ఎగిరి కొట్టకుండా మధ్యలో తడి గోనెసంచి వేయండి, తాడు లాగే దారిలో మనుషులను నిలబడనివ్వకండి. డ్రమ్ము మీద ఇనుప తాడు అయితే కనీసం 5 చుట్లు, సింథటిక్ అయితే 8 నుంచి 10 చుట్లు మిగల్చాలి.

పూర్తి భారం మీద వించ్ మోటారు 400 ఆంపియర్లకు పైగా లాగవచ్చు కనుక ఇంజను నడుస్తూ ఉండాలి, కాసేపు లాగి కాసేపు ఆపాలి. బ్యాటరీ పాతదైతే ముందు అది మార్చండి. నీటిలోంచి వెళ్లే బండి కాబట్టి నీరు, దుమ్ము లోపలికి చొరకుండా ఐపీ67 లేదా ఐపీ68 రక్షణ ఉన్నదే చూడండి.

వించ్ కోసం బరువైన ఇనుప బంపరు బిగించే ముందు ఆగండి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2017 డిసెంబరులో బుల్ బార్లు, క్రాష్ గార్డులు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనుకు విరుద్ధమని రాష్ట్రాలకు రాసింది. పైగా ముందు భాగం ఆకృతి మారితే ఎయిర్‌బ్యాగుల పనితీరు దెబ్బతినవచ్చు. మీ ఆర్టీవో కార్యాలయంలో అడిగి, వించ్‌ను ఛాసిస్‌కు బిగించే పలక గురించి తెలుసుకున్నాకే బయానా ఇవ్వండి. అనుమతి దొరకకపోతే చేత్తో మీట ఆడించి ఇనుప తాడును లాగే టిర్ఫర్ అనే పరికరం ఒకటి బండిలో వేసుకోండి. అది నెమ్మది, చేతులు నొప్పి పుడతాయి. కానీ బ్యాటరీ అక్కర్లేదు, వెనక్కి లాగాల్సి వచ్చినా పనికొస్తుంది.