ఉబుంటు మార్చాక యాప్ తెరుచుకోవట్లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: నమస్తే మేడమ్. నేనూ మా ఫ్రెండూ కలిసి లినక్స్‌లో నడిచే చిన్న తెలుగు నిఘంటువు యాప్ ఒకటి సీ భాషలో, కిటికీలూ బటన్లూ చూపించే జీటీకే 3 లైబ్రరీ మీద రాసి సోర్స్ కోడ్‌తో సహా అందరికీ ఇచ్చేశాం. అర్థాలు చూపించడానికి వెబ్ పేజీలు చూపించే వెబ్‌కిట్ వాడాం. ఉబుంటు 22.04లో బాగానే నడిచింది గానీ 24.04కి మారినవాళ్లంతా తెరుచుకోవట్లేదంటున్నారు, టెర్మినల్‌లో చూస్తే 'లిబ్‌వెబ్‌కిట్2జీటీకే-4.0.ఎస్ఓ.37' ఫైల్ లేదని వస్తోంది. ఒకాయన 4.1 ఫైల్‌కి 4.0 పేరుతో లింక్ పెట్టేయమన్నాడు, ఇంకొకాయన 22.04లోని పాత డెబ్ (ఇన్‌స్టాల్ ప్యాకేజీ) తెచ్చి వేసేయమన్నాడు. ఏది చేయమంటారు?
- డిగ్రీ విద్యార్థి, తెనాలి

జవాబు: రెండూ వద్దు బాబూ. ముందు ఈ 4.0, 4.1 అంటే ఏంటో చూడండి, చాలామంది అవి వెబ్‌కిట్ పాత వెర్షన్, కొత్త వెర్షన్ అనుకుంటారు, కాదు. రెండూ ఒకే సోర్స్ నుంచి తయారైనవే, రెండూ జీటీకే 3వే, తేడా అంతా లోపల నెట్ పనులు చూసే లిబ్‌సూప్‌ది. 4.0కి లిబ్‌సూప్ 2, 4.1కి లిబ్‌సూప్ 3. (జీటీకే 4 వాడేవాళ్లకి 6.0 అని వేరే ఉంది.) 24.04లో 4.0ని తీసేశారు, అందుకే మీ యాప్‌కి ఆ ఫైల్ దొరకట్లేదు.

లింక్ పెడితే యాప్ తెరుచుకున్నట్టే ఉంటుంది, కానీ మీ కోడ్‌లోనో ఇంకో లైబ్రరీలోనో లిబ్‌సూప్ 2 ఎక్కడైనా మిగిలి ఉందంటే రెండు సూప్‌లూ ఒకే ప్రాసెస్‌లో పడతాయి, రెండిట్లోనూ సూప్‌సెషన్ లాంటి టైపుల పేర్లు ఒకటే కాబట్టి అలా కుదరదని లిబ్‌సూపే మెసేజ్ ఇచ్చి ప్రోగ్రామ్‌ని ఆపేస్తుంది. నా పాత ప్రాజెక్టులో ఒక చిన్న ప్లగిన్ ఇలాగే పాత సూప్‌ని లాక్కొచ్చింది, అదెవరు తెస్తున్నారో, ఫైల్‌కి ఏ లైబ్రరీలు కావాలో చూపించే ఎల్‌డీడీ కమాండ్‌తో ఒక్కో ఫైలూ చూసుకుంటూ పట్టుకునేసరికి సాయంత్రమైంది. ఇక పాత డెబ్ సంగతంటారా, అది లిబ్‌ఐసీయూ70 అనే ఇంకో లైబ్రరీ అడుగుతుంది, 24.04లో ఉన్నది 74, తీగ లాగితే డొంకంతా కదిలినట్టు దాని వెనకాల ఇంకెన్నో తేవాలి. పైగా వెబ్‌కిట్ అంటే బ్రౌజర్ ఇంజిన్, దాంట్లో భద్రతా లోపాలు తరచూ బయటపడుతుంటాయి, సరిచేసిన వెర్షన్లు వస్తుంటాయి. మీ మాట నమ్మి పాత డెబ్ వేసుకున్నవాళ్లకి ఆ అప్‌డేట్లు అందవు, అది నాకు అస్సలు నచ్చని పని.

చేయాల్సింది చిన్నదే. మీ బిల్డ్ ఫైల్‌లో వెబ్‌కిట్2జీటీకే-4.0 అన్నచోట 4.1 పెట్టి మళ్లీ కంపైల్ చేయండి. 4.1 అనేది 22.04లో కూడా ఉంది, కాబట్టి రెండుచోట్లా అదే కోడ్ నడుస్తుంది. మీరు లిబ్‌సూప్‌ని నేరుగా వాడకపోతే దాదాపు ఇంతే, వాడుంటే మాత్రం సూప్‌యూఆర్ఐ పోయి, జీటీకేకి ఆధారమైన గ్లిబ్ లైబ్రరీలోని జీయూఆర్ఐ వచ్చింది, సూప్‌మెసేజ్ లోపలి ఫీల్డులు నేరుగా ముట్టుకోవడం కుదరదు, ఫంక్షన్ల ద్వారానే అడగాలి. కంపైల్ మాత్రం 22.04 మీదే చేయండి, ఎందుకంటే అక్కడి జీలిబ్‌సీ (సీ ప్రోగ్రాములకి మూలమైన లైబ్రరీ, పైన చెప్పిన గ్లిబ్ వేరు) 2.35, 24.04ది 2.39, పాతదాని మీద కట్టింది కొత్తదాని మీద నడుస్తుంది గానీ కొత్తదాని మీద కట్టింది పాతచోట మొరాయించొచ్చు.

ఇంకో మాట, నాకు ఇదే ముఖ్యం. నిఘంటువుకి అసలు బ్రౌజర్ ఇంజిన్ ఎందుకు? మీకు కావాల్సింది బోల్డు, ఇటాలిక్, రంగు, ఒక మాట నుంచి ఇంకో మాటకి లింకు. అవన్నీ జీటీకేలో టెక్స్ట్ చూపించే టెక్స్ట్‌వ్యూతోనే అవుతాయి. తెలుగు సరిగ్గా రాదేమోనని భయపడి వెబ్‌కిట్ పెట్టుంటే ఆ భయం అక్కర్లేదు, టెక్స్ట్‌వ్యూ వెనక పాంగో, దాని వెనక హార్ఫ్‌బజ్ అని అక్షరాల్ని అమర్చే లైబ్రరీలు ఉన్నాయి. 'స్త్రీ' అని టైప్ చేస్తే స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి ఆరు కోడ్‌పాయింట్లు (యూనికోడ్ సంకేతాలు) వెళ్తాయి, వాటిని ఫాంట్‌లోని పట్టికలు చూసి తావొత్తు, రావొత్తు ఎక్కడ కూర్చోవాలో అమర్చేది హార్ఫ్‌బజ్, వెబ్‌కిట్‌జీటీకే కూడా దాన్నే వాడుతుంది. ఇప్పటికి 4.1తో రిలీజ్ ఇచ్చేయండి, జనం ఎదురుచూస్తున్నారు కదా, తర్వాతి వెర్షన్‌లో వెబ్‌కిట్ తీసేయండి.

ప్రశ్న: ఉబుంటు 24.04లో యాప్‌ఇమేజ్ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే యాప్ ఫైల్) మీద డబుల్ క్లిక్ చేస్తే ఏమీ కావట్లేదండి. ఫ్యూజ్ వేసుకోమంటున్నారు, వేసుకోనా?
- ఉపాధ్యాయిని, కరీంనగర్

జవాబు: ఆగండి, ఉత్త 'ఫ్యూజ్' అనే ప్యాకేజీ వద్దు, అది ఫ్యూజ్3ని తీసేసి దాంతోపాటు డెస్క్‌టాప్ భాగాల్ని కూడా పీకేసే ప్రమాదం ఉంది. యాప్‌ఇమేజ్ తెరవడానికి మీకు కావాల్సిన లైబ్రరీ లిబ్‌ఫ్యూజ్2, 24.04లో దాని పేరు లిబ్‌ఫ్యూజ్2టీ64. టెర్మినల్‌లో ఏపీటీ కమాండ్‌తో అదొక్కటే వేసుకుని, ఫైల్ ప్రాపర్టీస్‌లో ప్రోగ్రామ్‌గా నడపడానికి అనుమతి ఇచ్చారో లేదో కూడా ఒకసారి చూసుకోండి.